బకెట్ సీట్లూ, సగం మాటలూ

మా పక్క స్థలంలో ఇల్లు కడుతున్నారు. పొద్దున్నే మేస్త్రీ వచ్చి ఇనుప బకెట్‌ను బండ మీద దించుతాడు. దాని పిడి జారి అంచుకు తగిలి టంగుమంటుంది. ఆ చప్పుడు వినగానే, నేను ఏ పనిలో ఉన్నా, నా వీపు దానంతటదే నిటారుగా అవుతుంది, చెవులు వేడెక్కుతాయి. ఈ కాలపు ప్లాస్టిక్ బకెట్లకు ఆ గుణం లేదు. ఎంత గట్టిగా పడ్డా అవి ఎవరి పరువూ తీయవు. ఇనుప బకెట్ అట్లా కాదు; అది మోగిందంటే నా చరిత్ర చెప్పడం మొదలుపెడుతుంది. కాబట్టి అది చెప్పేలోగా నేనే చెప్పేస్తాను: కారుకు బకెట్ సీట్లు పెట్టించమంటే బజారుకు పోయి రెండు బకెట్లు తెచ్చిన మనిషిని నేనే. నాందేడులో ఈ కథను కొందరు నాలుగు బకెట్లని కూడా చెబుతారు. కాదు, రెండే. నేను మరీ అంత తెలివితక్కువవాణ్ణి కాను. ఆ కారులో సీట్లు రెండేనని నాకు తెలుసు.

పెట్టించమన్నది డాక్టర్ సరోజినీబాయి. మరాఠీవాళ్లు ఆమెను డాక్టరీణ్ బాయి అనేవాళ్లు. మా సరిహద్దు పల్లెల తెలుగువాళ్లం డాక్టరమ్మ అనేవాళ్లం. నాందేడులోని వజీరాబాదు పేటలో ఆమెకు చిన్న కాన్పుల దవాఖానా ఉండేది. నేను అందులో కంపౌండర్ని. కుండల్‌వాడి నుంచి వచ్చిన, పెళ్లయిన, మీసం ఉన్న, ఆ మీసం కింద పెద్దగా మాటలు లేని మనిషిని. ఆమె పోయి చాలా ఏళ్లయింది. చూడనివాళ్లకు ఆమెను చూపించాలంటే పొడవూ రంగూ చెప్పి లాభం లేదు. మీరు ఒక తలుపును ఊహించుకోవాలి. కాన్పు గది తలుపు, స్ప్రింగు బిగించింది, ముట్టుకుంటే తెరుచుకుని వదిలితే మూసుకునేది. డాక్టరమ్మ ఎప్పుడూ ఆ తలుపు వైపు నడుస్తూనే మాట్లాడేది. మాట మొదలుపెట్టేటప్పుడు నా ఎదురుగా ఉండేది, మాట ముగిసేటప్పటికి తలుపుకు అవతల ఉండేది. మొదటి సగం నాకు దక్కేది, రెండో సగం లోపల నొప్పులు పడుతున్న తల్లికి దక్కేది.

"గంగాధర్, ఆ నీలం సీసల ఉన్న మందు ముసలమ్మకు ఇయ్యకు, అది—" అనేది. తలుపు మూసుకునేది. అది ఏమిటి? పూతమందా, పక్క మంచం మనిషిదా, నిన్నటిదా? నేను సీసాను పట్టుకుని, ముసలమ్మ నన్ను పట్టుకుని, ఇద్దరం ఆ తలుపును చూస్తూ నిలబడేవాళ్లం. లోపలికి పోయి అడగడానికి మగవాడికి వీల్లేదు. ఆమె బయటికి వచ్చేసరికి ఆ మాట ఆమెకు పాతబడిపోయేది. "గప్పుడే చెప్పిన గద రా" అనేది. చెప్పింది నిజమే. ఎవరికి చెప్పింది అన్నదే మా మధ్య పేచీ.

ఆమెకు ఒక విలాయతీ కారు ఉండేది. హైదరాబాదులో ఒక జాగీర్దారు ఇంట్లో కష్టమైన కాన్పు చేసినప్పుడు వాళ్లు సంతోషం పట్టలేక ఇచ్చేశారట. ఆ ఇంట్లో దాన్ని తోలే ధైర్యం ఎవరికీ లేకపోవడం కూడా ఆ సంతోషంలో ఒక భాగమని నా అనుమానం. రేసుల కోసం పుట్టిన బండి అది. రెండే తలుపులు, రెండే సీట్లు, చిరిగిన గుడ్డ కప్పు, గోంగూర కాడ రంగు. నేలకు ఎంత దగ్గరగా ఉండేదంటే, గేదె పక్కన ఆగితే గేదె పొట్ట కింది నుంచి అవతలి దుకాణం కనిపించేది. భోకర్ రోడ్డు మీద, బిలోలి దారిలో, ఎక్కడ కాన్పు కష్టమైందని కబురొస్తే అక్కడికి డాక్టరమ్మ దాన్ని తోలుకుపోయేది. మందుల సంచి ఒళ్లో పెట్టుకుని నేను ఎడమ పక్క కూర్చునేవాణ్ణి. కూర్చునేవాణ్ణి అనడం మర్యాదకు. దాని పాత సీట్లు నున్నటి బల్లల్లా ఉండేవి. బండి కుడికి తిరిగితే నేను పోయి తలుపుకు కొట్టుకునేవాణ్ణి. ఎడమకు తిరిగితే డాక్టరమ్మ మీద పడకుండా అదే తలుపును కౌగిలించుకునేవాణ్ణి. దారి పొడుగునా ఆమె ఏదో చెబుతూనే ఉండేది. నాకు ఒక్క ముక్క ఎక్కేది కాదు. ప్రాణం గుప్పిట్లో ఉన్నవాడికి చెవులు ఎక్కడ పనిచేస్తాయి?

ఏళ్ల తరబడి వంగి కాన్పులు చేసీ చేసీ ఆమె నడుము చెడింది. కారు దిగేటప్పుడు తలుపు పట్టుకుని కొంతసేపు అట్లాగే వంగి నిలబడేది. హైదరాబాదులో ఎముకల డాక్టరు చూసి, బండి తోలడం మానేయమన్నాడు. తిరిగొచ్చిన రోజు ఆమె వరండాలో ఆగి, నాకూ ఆయా హాజిరాబీకీ కలిపి ఒక్క మాట చెప్పింది. ఆగి చెప్పింది కాబట్టి పూర్తిగా వినిపించింది.

"నడుము నిలవడితే తోల్త. లేకుంటే బండి అమ్మేస్త. పల్లెలకు పోవుడు బంద్. వాళ్లే ఇక్కడికి రావాలె."

ఎడ్ల బండ్ల మీద, వాగులు దాటుకుని, ఎట్లా వస్తారో ముగ్గురికీ తెలుసు. ఆలస్యంగా చేరినవాళ్లను మేం చూసి ఉన్నాం. హాజిరాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా సంగతి చెప్పాలంటే, ఇక ఆ బండి ఎక్కనక్కర్లేదని లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. ఆ హాయికి సిగ్గేసింది. సిగ్గు కలిగించినందుకు ఆ కారు మీద కోపం వచ్చింది. బండి ఉండాలని కోరుకోవాలో పోవాలని కోరుకోవాలో తెలియక, రెండూ మార్చి మార్చి కోరుకున్నాను.

కారులోనే పడి ఉన్న పాత ఇంగ్లీషు మోటారు పత్రిక ఒకటి ఆమె తిరగేస్తూ ఉండేది. ఒకరోజు అందులో ఏదో చూసి హుషారుగా లేచి నడక మొదలుపెట్టింది.

"గంగాధర్, రేసు బండ్లకు బకెట్ సీట్లుంటయట. రెండు దిక్కులా పక్కబొక్కలను పట్టుకుంటయట. నడుము కదలది. సర్దార్జీ దగ్గరికి పోయి మన బండికి రెండు పెట్టియ్యి. బకెట్ అంటే—"

తలుపు మూసుకుంది.

బకెట్ అంటే ఏమిటో నాకు తెలియదా? కంపౌండర్నే కావచ్చు, మరీ బకెట్‌కు అర్థం చెప్పించుకునే స్థితిలో ఉన్నానని డాక్టరమ్మ అనుకుంటోందే అని కాస్త చిన్నబుచ్చుకున్నాను కూడా. ఆ రోషంతోనే నేరుగా బజారుకు పోయి, మందమైన అంచులున్నవి చూసి రెండు ఇనుప బకెట్లు ఎంచాను. దుకాణదారు "స్నానానికా, బాయికా?" అని అడిగాడు. బాయికే అన్నాను. మా భాషలో బాయంటే నీళ్ల బావి, మరాఠీలో బాయంటే గౌరవనీయురాలు. ఆ గందరగోళం నాది కాదు, ఆ ఊరిది. అతను నమ్మి తాడు కూడా చూపించబోతే, కాదు, కూర్చోవడానికి అన్నాను. అతను నా వైపు చాలా జాలిగా చూశాడు. గోరువెచ్చటి నీళ్లు పోసుకుని కూర్చుంటే మొలలకు గుణం కనిపిస్తుందని చెవిలో చెప్పాడు.

బచన్ సింగ్ సర్దార్జీ లారీ సీట్లు కుట్టడంలో పేరున్నవాడు. లారీల అడ్డా దగ్గర వేపచెట్టు కింద ఆయన దుకాణం. నేను కారు పక్కన బకెట్లు దించి సంగతి చెప్పాను. ఆయన గడ్డం నిమురుకుంటూ కారు చుట్టూ తిరిగాడు, బకెట్ల చుట్టూ తిరిగాడు, చివరికి నా చుట్టూ కూడా తిరిగాడు.

"ఉల్టా, యా సీధా?" అన్నాడు. బోర్లించాలా, నిలబెట్టాలా అని.

అక్కడ నేను చిక్కుకున్నాను. ఆ సంగతి డాక్టరమ్మ చెప్పలేదు. చెప్పే ఉంటుంది, తలుపుకు అవతల. నిలబెట్టి చూశాం. నేను లోపలికి దిగిపోయి, మోకాళ్లు గడ్డానికి ఆని, ఇద్దరు క్లీనర్లు లాగితే గానీ బయటపడలేదు. పక్కబొక్కలను, అంటే పక్కటెముకలను, పట్టుకునే మాట మాత్రం నిజమే అనిపించింది. బోర్లించి చూశాం. తల ముందు అద్దానికి పైన తేలింది, కాళ్లు గాల్లో ఊగాయి.

"ఐసా బోలీ డాక్టరీణ్ బాయి?" అని సర్దార్జీ అడిగాడు, ఇట్లాగే చెప్పిందా అని.

"బోలీ."

"ఫిర్ తో సోచ్ కే బోలీ హోగీ" అని, పెద్ద డాక్టరు ఆలోచించకుండా చెబుతుందా అన్న గౌరవంతో ఆయన కారు అడుగున రంధ్రాలు పొడిచాడు. బోర్లించిన బకెట్ల అంచులకు ఇనుప పట్టీలు వేసి బిగించాడు. పైన గుండ్రటి దిండ్లు కుట్టి, లారీల అలవాటు కొద్దీ చుట్టూ ఎర్ర కుచ్చులు కూడా పెట్టాడు. దూరం నుంచి చూస్తే రెండు డోళ్లు పక్కపక్కన పెట్టినట్టు చాలా శుభంగా ఉంది.

దవాఖానా ముందుకు దాన్ని ఇద్దరు మనుషులు తోసుకొచ్చారు; ఆ సీట్ల మీద కూర్చుని తోలడం ఎవరి వల్లా కాలేదు. డాక్టరమ్మ బయటికి వచ్చింది. చాలాసేపు చూసింది.

"ఇదేంది రా?"

"మీరే అన్నరు గదమ్మా. బకెట్ సీట్లు."

ఆమెకు నవ్వు వచ్చింది. నవ్వితే నడుము నొప్పి, నొప్పి వల్ల ఏడుపు, ఏడుస్తుంటే మళ్లీ బకెట్లు కనబడి నవ్వు. మెట్ల మీద కూలబడి, "గంగను మోసేటోడు గంగాధరుడు! నీకు బకెట్ గాక ఇంకేం తోస్తది రా! పేరు నిలవెట్టినవ్ పో!" అంది. మా వైపు గోదావరిని గంగ అనే అంటారు. గంగంత ఆ నవ్వు గంగ ఒడ్డు దాకా పాకింది. బకెట్‌ను బాల్టీ అనే హాజిరాబీ పుణ్యాన సాయంత్రానికల్లా నేను బాల్టీ కంపౌండర్ని అయ్యాను. బకెట్లు విప్పేసి కాన్పు గదిలో వేడినీళ్లకు పెట్టారు. ఆ తర్వాత చాలా ఏళ్ల పాటు ఆ దవాఖానాలో పుట్టిన ప్రతి బిడ్డకూ మొదటి స్నానం వాటిలోని నీళ్లతోనే. ఇప్పుడు నాందేడులో పెద్ద మనుషులుగా తిరుగుతున్నవాళ్లలో ఎంతమంది నా తెలివితక్కువతనంలో స్నానం చేసి లోకంలోకి వచ్చారో లెక్కలేదు. కారు అడుగున పడిన రంధ్రాలు మాత్రం పూడలేదు. వాటిలోంచి రోడ్డు పరుగెత్తడం కనబడేది. నేను మందు సీసాల బిరడాలు తెచ్చి కొట్టాను.

తర్వాత పత్రికలోని బొమ్మ చూపించింది. అప్పుడు తెలిసింది, బకెట్ సీటంటే మనిషి వీపునూ తొడలనూ లోపలికి ఒదిగించుకుని, పక్కలు ఎత్తుగా ఉండే గుల్ల లాంటి సీటని. సర్దార్జీ పాత నూనె డ్రమ్ము రేకు వంచి చేస్తానన్నాడు. కానీ అది చొక్కా లాంటిదట, కూర్చునే మనిషి ఒంటి కొలత కావాలట. అక్కడ అందరమూ నేల చూపులు చూశాం. రవికెకైతే పాత రవిక ఆదిగా ఇచ్చి పంపుతారు. నడుముకూ తొడలకూ ఆది ఏం పంపుతారు? టేపు చేతిలో పట్టుకున్న సర్దార్జీ దాన్ని పాములాగా దూరంగా పట్టుకుని, "మై నహీ" అన్నాడు. నేను వాకిట్లోంచే తలుపు వైపు నడుస్తున్న డాక్టరమ్మను అడిగాను.

"అమ్మా, కొలత ఎట్ల?"

"ముందుగాల నీది ఇయ్యి రా. నాది—"

తలుపు.

నేనూ సర్దార్జీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నీది ఇయ్యి, నాది అక్కర్లేదు అనే కదా? మర్యాదకు కూడా అదే బాగుందనిపించింది. ఆ రోజుల్లో నా పక్కటెముకలు చొక్కా మీది నుంచి లెక్కపెట్టుకోవచ్చు. ఆ ఒంటికి టేపు పెట్టి, సర్దార్జీ రెండు సీట్లూ ఒకే కొలతతో చేశాడు. రేకు మీద కొబ్బరి పీచు, దాని మీద పచ్చ రెక్సిన్. కుచ్చులు ఈసారి వెనకాల మాత్రమే పెట్టాడు, ఆయన మనసు ఊరుకోక. నాది రేపు హాజిరా తీస్తది అని ఆమె అవతల చెప్పిందట. లోపల ఉన్న బాలింత విందేమో, మేం వినలేదు.

సీట్లు వచ్చిన మధ్యాహ్నం ఆమె తన బరువుకు ఆగుతుందో లేదో చూద్దామని కుడి సీట్లోకి దిగింది. దిగడం దిగింది. పక్కలు పట్టేసుకున్నాయి. లేవబోతే సీటు కిర్రుమంది, మనిషి కదలలేదు. హాజిరాబీ ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకుని లాగబోయే సమయానికి ఒక జీపు వచ్చి ఆగింది. కుండల్‌వాడి అవతలి పల్లె రైతు లక్ష్మణ్ అందులోంచి దూకాడు.

"అమ్మా, బిడ్డ అడ్డం తిరిగింది. చెయ్యి ముందుగాల అచ్చింది. మంత్రసాని నా తోని గాదన్నది. నా పెండ్లాం అరుసుడు గూడ బంద్ జేసింది."

డాక్టరమ్మ మా చేతులు విదిలించుకుంది. "మంచిగైంది, దిగే పనే లేదు. సంచి తీస్కొని కూసో."

"అమ్మా, బోల్టులు ఇంక బిగియ్యలేదట. సర్దార్జీ ఊకె తగిలిచ్చిండు."

"తిరిగి అచ్చినంక బిగియ్యి" అని బండి తీసింది.

ఆ ప్రయాణం గురించి నేను ఎన్నిసార్లు ఆలోచించినా అది నాకు సగమే అర్థమవుతుంది. బిలోలి దారి మలుపుల్లో బండి తిరుగుతోంది, నేను మాత్రం జరగడం లేదు. నా ఒంటి కొలతతో చేసిన సీటు నన్ను రెండు చేతుల మధ్య పట్టుకున్నట్టు పట్టుకుంది. తలుపును కౌగిలించుకునే పని తప్పింది. చేతులు ఏం చేయాలో తెలియలేదు. అప్పుడు, ఇన్నాళ్లలో మొదటిసారి, డాక్టరమ్మ ఏం చెబుతోందో నాకు వినపడింది.

"అడ్డం తిరిగిన బిడ్డకు తొందర పనికిరాదు. నొప్పికీ నొప్పికీ నడుమ జర జాగ దొరుకుతది. గా జాగల చెయ్యి పెట్టి కాళ్లు దొరకవట్టాలె. నొప్పి అచ్చినప్పుడు బలం చేసినవనుకో, గర్భసంచి పలుగుతది, తల్లి పోతది. నువ్వు ఇయ్యాల లోపటికి రావాలె. మగోడని చూస్తే నడువది. నేను చెయ్యి చాపంగనే ఏది అడుగుతనో, ఏ వరుసల అడుగుతనో ఇప్పుడే చెప్తున్న, మల్ల అక్కడ చెప్ప."

వరుసగా చెప్పింది, మొదటి నుంచి చివరిదాకా. చెప్పి, తిరిగి నాతో చెప్పించింది. అప్పుడు గమనించాను, కారులో ఆమె మాటలు పూర్తవుతాయి. కారులో కాన్పు గది తలుపు లేదు. ఇన్నేళ్లూ ఆమె రెండో సగాలన్నీ ఈ దారిలోనే చెప్పి ఉంటుంది. నేను తలుపు పట్టుకుని వేలాడుతూ ఒక్కటీ వినలేదు.

"గంగాధర్."

"అమ్మా?"

"నొస్తలేదు రా" అంది. ఒక పెద్ద గుంత దాటిన తర్వాత అంది. నడుమును గురించి అని అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది.

పల్లెలో ఇంటి ముందు ఆగాక అసలు చిక్కు. ఆమె లేవలేదు. అటు లాగారు, ఇటు లాగారు. లోపలి నుంచి ఏ శబ్దమూ రాకపోవడం అందరికీ వినబడుతోంది. లక్ష్మణ్ ఏడుపు ముఖంతో, "అమ్మా, ఎట్ల?" అన్నాడు. నాకు బోల్టులు గుర్తుకొచ్చాయి. బండి కింద చెయ్యి పెట్టి చూస్తే, ఊరికే తగిలించిన మరలు దారిలో సగం వాటంతటవే ఊడి ఉన్నాయి. మిగతా సగం వేళ్లతోనే తిప్పేశాను. నలుగురు రైతులు సీటుతో సహా డాక్టరమ్మను పల్లకీ లాగా ఎత్తారు. వెనక ఎర్ర కుచ్చులు ఊగుతుండగా ఆమె ఇంట్లోకి ఊరేగుతూ, "గుమ్మం చూసుకోండ్రి, తల వంచుత, నడువుండ్రి" అని వాళ్లకు ఆజ్ఞలిస్తూ పోయింది. మంచం పక్కన దించాక ఆడవాళ్లు రేకుకూ చీరకూ మధ్య నూనె పోసి ఆమెను బయటికి జార్చారు. ఒక ముసలమ్మ, "దీనికన్న ఆ కాన్పే నయం" అంది.

తలుపు దగ్గరికి వచ్చి నేను అలవాటు కొద్దీ ఆగాను. ఆమె వెనక్కి చూసింది. "ఏం రా, గాడ్నే నిలవడ్డవ్?" అంది. నేను మొదటిసారి తలుపుకు అవతల అడుగుపెట్టాను. చెప్పిన వరుసలోనే ఆమె చెయ్యి చాపింది, అదే వరుసలో నేను అందించాను. బిడ్డ కాళ్ల వైపు నుంచి వచ్చింది. నీలంగా ఉంది. డాక్టరమ్మ దాన్ని తలకిందులుగా పట్టుకుని వీపు మీద తట్టింది. తట్టింది, తట్టింది. అది కోపంగా ఏడ్చింది. లక్ష్మణ్ పెళ్లాం కళ్లు తెరిచి, ఏ బిడ్డ అని అడగలేదు. మంచం పక్కన కుచ్చులతో ఉన్న ఆ పచ్చ రేకు గుల్లను చూసి, "అదేంది?" అని అడిగింది.

బండి అమ్మలేదు. డాక్టరమ్మ సీటును సర్దార్జీ నడిమధ్య కోసి వెడల్పు చేశాడు. ఆ కొలత హాజిరాబీ కొంగుతో తీసి, ముళ్లు వేసి పట్టుకొచ్చింది. నాది నా కొలతతోనే ఉండిపోయింది. ఆ సీట్లో ఒదిగి కూర్చుని నేను ఎన్నో ఏళ్లు భోకర్ దాకా, కిన్వట్ అడవి అంచుల దాకా తిరిగాను. ఏ జ్వరానికి భయపడాలో, ఏ జ్వరానికి అక్కర్లేదో, మందును గురించి మొగుడికి చెప్పాలో అత్తకు చెప్పాలో, అన్నీ ఆమె తోలుతూ చెబుతుంటే విన్నాను. నా కొడుకును చదివించేటప్పుడు అందరూ మెడికల్ సీటు, మెడికల్ సీటు అనేవాళ్లు. నాకు వచ్చిన మెడికల్ సీటు అదొక్కటే. దానికి ప్రవేశ పరీక్ష లేదు, పక్కబొక్కలు మాత్రం ఉండాలి.

ఒకసారి ధైర్యం చేసి దారిలోనే అడిగాను. "అమ్మా, ఆ దినం బకెట్ అంటే, అని తలుపేసుకున్నరు. ఏమని చెప్పబోయిన్రు?"

ఆమె గేరు మార్చింది. "బకెట్ అంటే నీకు ఎరుకే గద, అనబోయిన."

"అంటే, ఎరుకే అనుకున్నరా, ఎరుక లేదని తెల్సే అన్నరా?"

"నీకెట్ల అనిపిస్తే గట్ల" అని హారన్ కొట్టింది. ఎదురుగా ఏమీ లేదు. ఆమె కావాలనే నన్ను సగం మాటలతో వదిలేసేదా, మిగతా సగం నేనే వెతుక్కుంటానని? లేక అది ఉత్త తొందరేనా? నాకు తేలలేదు. ఆమె గురించి నాకు తేలనివి ఇంకా ఉన్నాయి. ఇది అందులో పెద్దది. కానీ కుండల్‌వాడిలో నేను సొంతంగా మందుల దుకాణం పెట్టుకున్న తర్వాత ఒక అలవాటు మాత్రం వదల్లేదు. మందు చేతికిచ్చి, ఎట్లా వేసుకోవాలో చెప్పి, తిరిగి నాకు చెప్పించుకున్న తర్వాతే మనిషిని మెట్లు దిగనిస్తాను. విసుక్కునేవాళ్లు ఉన్నారు. సగం విని పోయినవాడు ఏం తెస్తాడో నాకు తెలుసు.

చూపు తగ్గాక ఆమె కారును అమ్మేసింది. అమ్మేముందు ఎడమ సీటు విప్పించి నాకు పంపింది, "ఇది నీ కొలతది, వేరెవలకు పట్టది" అని కబురుతో. దానితో పాటు, అడగకుండానే, రెండు బకెట్లలో ఒకటి. నలుగురు వ్యాపారులకూ ఉన్నట్టు నా దుకాణంలో నాకూ గద్దీ అంటూ ఒకటి ఏర్పడింది. అయితే ఆ సరికి నాకు పొట్ట వచ్చింది. కూర్చోవడం చేతనయ్యేది, లేవాలంటే గల్లా బల్లను పట్టుకోవాల్సి వచ్చేది. అట్లా ఇరుక్కున్నప్పుడల్లా నాకు ఒక పచ్చ పల్లకీ గుర్తుకొచ్చేది.

ఒక ఎండ పొద్దు ఆమె షేర్ జీపులో, కర్ర పట్టుకుని, చెప్పకుండా దిగింది. నేను హడావిడిగా ఊడి లేచి నా సీటు చూపించాను. ఆమె అందులోకి దిగింది. ఇటు జానెడు, అటు జానెడు ఖాళీ మిగిలింది. నా ఎముకల కాలపు కొలత ఆమెకు వదులైంది.

"చూసినవా, ఇగ పట్టిన" అంది, గెలిచినట్టు. నేను బల్ల తుడిచాను.

అప్పుడు ఆమె కర్ర కొనతో మూలనున్న బకెట్‌ను తట్టింది. టంగుమంది. దుకాణంలో మందుల కోసం నిలబడ్డవాళ్లు తిరిగి చూశారు. అంతే, మొదలుపెట్టింది. కారు, రేసు సీట్లు, సర్దార్జీ, ఎర్ర కుచ్చులు. "ఏం తెచ్చిండనుకున్నరు మీ గంగాధర్ సేటు? బకెట్లు! నాలుగు బకెట్లు!"

నాలుగు! ఆ నాలుగు ఎక్కడి నుంచి పుట్టాయో నాకు ఆ రోజు తెలిసింది. నా ఊళ్లో, నా దుకాణంలో, నా గద్దీ మీద కూర్చుని చెప్పింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆమె కళ్లు తుడుచుకుని, "చాయ్ పోయించు రా, గంగను మోసేటోడా" అంది.

నేను దుకాణం వెనక గది వైపు నడక మొదలుపెట్టాను. దానికి స్ప్రింగు తలుపు నేనే పెట్టించాను, ఎందుకో అప్పటిదాకా నాకే తెలియదు. తలుపు మీద చెయ్యి వేసి, నడుస్తూనే, వెనక్కి చూడకుండా అన్నాను.

"అమ్మా, ఆ బకెట్లు నేను ఎరుక లేకనే తెచ్చిననుకున్నరా? అసలు సంగతేందంటే—"

తలుపు మూసుకుంది.

బయట నవ్వులు ఆగాయి. తర్వాత, "ఏందంటే? గంగాధర్! ఏందంటే రా?" అని వినపడింది. అంత లోతు సీట్లోంచి, ఆ నడుముతో, ఆమె ఒక్కతే లేవలేదని నాకు బాగా తెలుసు. కర్ర బకెట్ మీద పడుతోంది, టంగ్, టంగ్, టంగ్. చాయ్ పొంగింది. మంట తగ్గించి, మళ్లీ పొంగనిచ్చాను.